పొట్టేలు గాలి: మా ఆల్టోకి ఇంట్లో చేసిన ర్యామ్ ఎయిర్ పైపు

ఫ్రెండ్స్, ముందే చెప్పేస్తున్నా. ఇది చదివాక మీ కారు రాకెట్ అయిపోదు. మా కారూ అవ్వలేదు. కానీ సెకండియర్ ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో పరీక్ష కోసం బట్టీ కొట్టిన ఒక ఫార్ములా నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఈ పైపు వల్లే. ఆ అర్థమవడానికి మా నాన్న మూడు సంతలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి చివర్లో చెప్తా.

మాది 2008 ఆల్టో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 796 సీసీ, మూడు సిలిండర్లు, దాదాపు 47 పీఎస్ పవర్. నాన్న దాన్లో చీరల మూటలు వేసుకుని వారంలో ఆరు రోజులు సంతలు తిరుగుతారు. వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు నాకు పని లేదు, కారుకి పికప్ లేదు. వీడియోల్లో చూశా: బంపర్ దగ్గర ఒక గరాటు, అక్కడి నుంచి ఎయిర్ ఫిల్టర్ దాకా ఒక పైపు. కారు వేగంగా పోతుంటే ఎదురుగాలి దానంతటదే ఇంజిన్‌లోకి దూరుతుందట. టర్బో అక్కర్లేదు, ఖర్చు లేదు, పవర్ ఫ్రీ. ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి?

పేరు సంగతి

ర్యామ్ అంటే మన కంప్యూటర్ ర్యామ్ కాదు. ఇంగ్లీషులో ర్యామ్ అంటే పొట్టేలు, ఢీకొట్టడం కూడా. అంటే ఇది పొట్టేలు గాలి అన్నమాట. మన తెలుగు క్లబ్ వాళ్ళు ఇంతకన్నా మంచి మాట కనిపెడితే సంతోషం. నాకు మాత్రం ఇదే నచ్చింది, ఎందుకంటే అసలు ప్రశ్న కూడా అందులోనే ఉంది: ఈ పొట్టేలు ఎంత గట్టిగా కుమ్ముతుంది?

అరచేతి లెక్క

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "చేతులు బయట పెట్టరాదు" అని రాసున్న చోటే చేయి బయట పెట్టి, గాలి తోపు చూడనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఆ తోపే మన ర్యామ్ ఎయిర్. దాని లెక్క ఇదే:

పీడనం = 0.5 × గాలి సాంద్రత × వేగం × వేగం

మన ఎండల్లో గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.15 కిలోలు. వేగం సెకనుకి మీటర్లలో వేయాలి.

- గంటకు 60 కి.మీ. దగ్గర: 160 పాస్కల్స్
- గంటకు 80 కి.మీ. దగ్గర: 284 పాస్కల్స్
- గంటకు 100 కి.మీ. దగ్గర: 444 పాస్కల్స్

444 అంటే పెద్ద నంబరే అనిపిస్తుంది. ఇప్పుడు అరచేతి మీద వేసి చూద్దాం. అరచేయి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 100 కి.మీ. వేగంలో గాలి దాన్ని సుమారు 450 గ్రాముల బరువుతో నెడుతుంది. బాగానే ఉంది. కానీ కారు ఆగి ఉన్నప్పుడు కూడా వాతావరణం అదే అరచేతిని 103 కిలోల బరువుతో నొక్కుతోంది. అటు పక్క నుంచి కూడా అంతే నొక్కుతుంది కాబట్టి మనకు తెలియడం లేదంతే.

మన నాన్-టర్బో ఇంజిన్ బతికేది ఆ 103 కిలోల మీద. పిస్టన్ కిందికి దిగితే సిలిండర్‌లో పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణం గాలిని లోపలికి తోస్తుంది. దానికి మన పొట్టేలు కలిపేది 450 గ్రాములు. శాతంలో చెప్పాలంటే 0.44. 47 పీఎస్‌లో 0.44 శాతం అంటే 0.2 పీఎస్. అది కూడా ఒక్క పాస్కల్ వృథా కాకుండా అంతా ఇంజిన్‌కి చేరితేనే.

నిజం చెప్పాలంటే ఈ లెక్క నేను పైపు కట్టాకే వేశా. ముందే వేసుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

మరి బైకుల్లో ఎందుకు పెడతారు?

మంచి ప్రశ్న. జవాబు ఆ ఫార్ములాలోనే ఉంది: వేగం × వేగం. వేగం రెట్టింపైతే పీడనం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 300 కి.మీ. దగ్గర మన లెక్క దాదాపు 4000 పాస్కల్స్ చెబుతుంది, అంటే సుమారు 4 శాతం. 1990లో వచ్చిన కవాసకి జెడ్‌ఎక్స్-11 ఇలాంటి ఇన్‌టేక్‌తో అమ్మిన తొలి బైకు. 2021 నిన్జా జెడ్‌ఎక్స్-10ఆర్‌కి కంపెనీ రెండు పవర్ నంబర్లు ఇచ్చింది: మామూలుగా 203 పీఎస్, ర్యామ్ ఎయిర్‌తో 213.1 పీఎస్. తేడా సుమారు 5 శాతం. మన ఫార్ములాకి మరీ దూరంగా లేదు కదా. ఫార్ములా వన్ కార్లలో డ్రైవర్ తల పైన కనిపించే రంధ్రం కూడా ఇదే పని చేస్తుంది. 1970ల్లో ఆ ఎయిర్‌బాక్సుల్ని ఎంత ఎత్తుగా కట్టారంటే, 1976లో రూల్స్ మార్చి ఎత్తు తగ్గించాల్సి వచ్చింది.

అంటే సూత్రం అబద్ధం కాదు. చీరల మూటలతో 60లో పోయే ఆల్టోకి అది సరిపోదు, అంతే.

ఇంకో మాట. రోడ్డు మీద మామూలుగా 60-70లో పోతున్నప్పుడు మనం యాక్సిలరేటర్ సగం కూడా తొక్కం. అంటే థ్రాటిల్ తలుపు దాదాపు మూసే ఉంటుంది. గాలి ఎక్కువ రాకుండా మనమే అడ్డుపెట్టి, ఇంకో పక్క ఎక్కువ గాలి రావాలని గరాటు పెట్టడం అన్నమాట. అందుకే దీనివల్ల మైలేజీ పెరగదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే దీనికి పని.

గరాటు మీద ఒక భ్రమ

నాకూ ఉండేది. గరాటు మూతి ఎంత పెద్దదైతే గాలి అంత ఎక్కువ నొక్కుకుపోయి లోపలికి వస్తుందని. తప్పు. ఎదురుగాలిని పూర్తిగా ఆపేస్తే వచ్చే పీడనమే గరిష్ఠం. పైన లెక్కేసింది అదే. మూతి బిందెంత పెట్టినా, గ్లాసంత పెట్టినా దాన్ని దాటదు. మూతికి అంత గాలి అక్కర్లేనప్పుడు మిగతాది పక్కల నుంచి జారి వెళ్ళిపోతుంది.

మూతి మరీ చిన్నదైతే మాత్రం నష్టమే. మన 796 సీసీ ఇంజిన్ 5000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి సుమారు 28 లీటర్ల గాలి పీలుస్తుంది. (రెండు చుట్లకి ఒకసారి పీలుస్తుంది, 85 శాతం నిండుతుంది అని వేసుకున్నా.) 63 మి.మీ. పీవీసీ పైపులో ఆ గాలి సెకనుకి 10 మీటర్ల వేగంతో పోతుంది. ఇది ఫర్వాలేదు. అదే 40 మి.మీ. పైపు పెడితే వేగం రెండింతలు దాటుతుంది, ఘర్షణ నాలుగింతలు దాటుతుంది. వచ్చే లాభం కాస్తా పైపే మింగేస్తుంది.

కట్టిన విధానం

సామాను: 63 మి.మీ. పీవీసీ పైపు ఒక మీటరు, 45 డిగ్రీల బెండ్లు రెండు, ఒక ప్లాస్టిక్ గరాటు, స్టీలు జల్లెడ ముక్క, హోస్ క్లిప్పులు నాలుగు. మొత్తం ఖర్చు 480 రూపాయలు.

90 డిగ్రీల ఎల్బో వాడలేదు. ఒకేసారి మలుపు తిరిగితే గాలి సుడులు తిరిగి పీడనం పోతుంది. రెండు 45లు కాస్త దూరంగా పెడితే నయం. పైపుని సైలెన్సర్ వైపు వేడికి దూరంగా పట్టుకొచ్చా, ఎందుకంటే పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. ఆల్టో ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కాబట్టి గాలి పీడనం మారితే సెన్సర్ చూసి ఈసీయూ పెట్రోలు సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండి అయితే ఈ పని చేయకండి. ఫ్లోట్ గిన్నెకీ అదే పీడనం అందకపోతే పెట్రోలు తక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది.

పైపు బిగించడానికి ఫిల్టర్ డబ్బా విప్పినప్పుడు రెండు విషయాలు కనపడ్డాయి. ఒకటి, ఫిల్టర్ మట్టి ఇటుకలా ఉంది. సంతల దారుల దుమ్ము అంతా అందులోనే. రెండు, డబ్బాకి కంపెనీ పెట్టిన ముక్కు పైపు అసలు లేనే లేదు. ఎప్పుడు ఊడిపోయిందో, ఎవరు పడేశారో. డబ్బా ఇంజిన్ పక్కనే నోరు తెరుచుకుని వేడి గాలి పీలుస్తోంది.

అప్పుడు వీటిని పట్టించుకోలేదు. నా కళ్ళన్నీ గరాటు మీదే. కొత్త ఫిల్టర్ ఒకటి తెచ్చి పక్కన పెట్టా, అంతే. అదృష్టం కొద్దీ ఒక్క తెలివైన పని చేశా: ఏదీ మార్చకముందే కొలిచా.

మేస్త్రీ ట్యూబుతో మానోమీటర్

ఇల్లు కట్టే మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక ట్యూబ్ ఉంటుంది చూడండి, అది రెండు మీటర్లు. ఒక చెక్క మీద దాన్ని యు ఆకారంలో బిగించి, పక్కన స్కేలు అంటించి, కుంకుమ కలిపిన నీళ్ళు పోశా. ఒక కొస ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలోకి, ఇంకో కొస కారులో ఖాళీగా. రెండు పక్కల నీళ్ళ ఎత్తులో తేడా 1 మి.మీ. ఉంటే 9.8 పాస్కల్స్. ల్యాబ్‌లో చూసిన మానోమీటరే ఇది, ఖరీదు మాత్రం 60 రూపాయలు.

మొదటి రోజు రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. రెండు గంటలు జుట్టు పీక్కున్నాక తెలిసింది, తమ్ముడు గాలి కోసం కిటికీ దించాడు. కిటికీ తెరిస్తే కారు లోపలి పీడనమే మారిపోతుంది. రెండో రోజు నుంచి అద్దాలన్నీ మూసి, చెమటలు కక్కుతూ కొలిచాం. తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, నేను నడపడం, వాడు చదవడం. నడిపేవాడు ట్యూబు వంక చూడకూడదు, అది రూలు.

పరీక్ష ఇది: రెండో గేరు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 60 కి.మీ. దగ్గర రీడింగ్. ఫిల్టర్ దాటాక గాలి ఎంత పీడనం కోల్పోయిందో ఆ నంబరు చెబుతుంది. ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక్కోదానికి ఐదుసార్లు తీసి సగటు వేశాం.

- పాత ఫిల్టర్, పైపు లేదు: 210 మి.మీ.
- కొత్త ఫిల్టర్, పైపు లేదు: 120 మి.మీ.
- కొత్త ఫిల్టర్, మన పొట్టేలు పైపు: 112 మి.మీ.

చూశారుగా. ఫిల్టర్ మార్చితే 90 మి.మీ. లాభం. పొట్టేలుకి 8. లెక్క ప్రకారం 60 కి.మీ. వేగంలో ర్యామ్ వల్ల 16 మి.మీ. రావాలి. అందులో సగం పైపూ బెండ్లూ తినేశాయి. 100 కి.మీ.లో పొట్టేలు తన మొత్తం బలంతో కుమ్మినా 45 మి.మీ. మాత్రమే. అంటే దుమ్ము పట్టిన ఫిల్టర్ మా కారు దగ్గర దొంగిలిస్తున్నది, ర్యామ్ ఎయిర్ ఎప్పటికైనా ఇవ్వగలిగిన దానికి రెట్టింపు.

తర్వాత వైరున్న డిజిటల్ థర్మామీటర్ డబ్బాలో పెట్టి మధ్యాహ్నం తిప్పాం. బయట 36 డిగ్రీలు. ముక్కు లేని డబ్బాలో, 80లో పోతున్నా 47. మన పైపుతో 38. చల్లగాలి చిక్కగా ఉంటుంది. కెల్విన్‌లో లెక్కేస్తే సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. పవర్ సరిగ్గా అంతే పెరగదు, దారిలో గాలి మళ్ళీ వేడెక్కుతుంది. పవర్ సవరణకి వాడే ఎస్‌ఏఈ సూత్రంలో ఉష్ణోగ్రతకి వర్గమూలం తీస్తారు. అలా చూసినా 1.4 శాతం వస్తుంది. అదే 80 వేగంలో ర్యామ్ వాటా 0.28 శాతం. ఐదింతలు తేడా!

అంటే వీడియోల్లో గరాటు పెట్టి "పికప్ పెరిగింది" అనేవాళ్ళు అందరూ అబద్ధం చెప్పడం లేదేమో. గరాటుతో పాటు కొత్త ఫిల్టరూ, బయటి చల్లగాలీ వస్తాయి. పేరు మాత్రం పొట్టేలు కొట్టేస్తుంది.

వాన

ఇంత తెలిసినా నేను పైపు తీయలేదు. కష్టపడి కట్టా కదా, బాగుంది కదా అని. గరాటు మూతి బంపర్ కింది జాలీ వెనక, నేలకి 25 సెం.మీ. ఎత్తులో ఉంది. సెలవులైపోయాయి, హాస్టల్‌కి వచ్చేశా.

జులైలో ఒక సాయంత్రం నాన్న ఫోన్. "ఒరేయ్, అండర్‌బ్రిడ్జిలో బండి ఆగిపోయిందిరా. నీళ్ళు పెద్దగా కూడా లేవు. ఎప్పుడూ పోయే దారే."

నాకు నోట మాట రాలేదు. ఎప్పుడూ పోయే దారే. ఆయనకి తెలిసిన కారు అది, ముక్కు పైన ఉన్న కారు. నేను దాని ముక్కు కిందికి దించానని ఆయనకి తెలుసు, కానీ దాని అర్థం నేను చెప్పలేదు. నాకే తట్టలేదు. గాలి కోసం పెట్టిన గరాటు నీళ్ళకీ గరాటే.

ఇక్కడ ఇంకో లెక్క. ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ రేషియో 9 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 33 సీసీ. గాలి నలుగుతుంది, నీరు నలగదు. 33 మిల్లీలీటర్ల నీళ్ళు, అంటే టీ గ్లాసులో సగం కూడా కాదు, సిలిండర్‌లోకి పోతే పిస్టన్ పైకి రాలేదు. ఇంజిన్ తిరుగుతూ ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

"మళ్ళీ స్టార్ట్ చేయకండి నాన్నా, తాళం తీసేయండి" అని అరిచా. ఆయన అప్పటికి ఒక్కసారే తిప్పారట. మెకానిక్ బాబాయ్ వచ్చి, తోయించి, ప్లగ్గులు విప్పి ఇంజిన్ తిప్పితే రెండు సిలిండర్లలోంచి నీళ్ళు చిమ్మాయి. రాడ్లు వంగలేదు. ఆయిల్ మార్చి, ఆరబెట్టి, చూసి ఇచ్చేసరికి మూడు రోజులు. శ్రావణ మాసం ముందు మూడు సంతలు. చీరలమ్మేవాళ్ళకి అదంటే ఏమిటో మీలో కొందరికి తెలుసు.

ఆ ఆదివారం ఇంటికెళ్ళా. తప్పు నాదేనని చెప్పా. నాన్న తిట్టలేదు. "ముందు చెప్పుంటే ఆ దారిన పోయేవాణ్ణి కాదు కదరా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. మెకానిక్ బాబాయ్ మాత్రం గరాటు చేతికిచ్చి ఒక మాటడిగాడు: "కంపెనీవాడు ముక్కు పైన ఎందుకు పెట్టాడో, పీకే ముందు ఆలోచించావా బాబూ?"

నాలుగేళ్ళ బీటెక్‌లో ఇంతకంటే మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడుగుతారని అనుకోను.

ఇప్పుడు, మీ సంగతి

పాత సామాన్ల షాపులో కంపెనీ ముక్కు పైపు దొరికింది. బిగించాం. అదే 80 వేగంలో మళ్ళీ కొలిస్తే డబ్బాలో 40 డిగ్రీలు. నా పైపు కంటే రెండు డిగ్రీలే ఎక్కువ, నీళ్ళ భయం లేదు. పికప్ వచ్చిందని నాన్న కూడా ఒప్పుకున్నారు. ఆ పికప్ కొత్తది కాదు, కారు ఎప్పుడో పోగొట్టుకున్నదే.

మీరు కూడా చేయాలనుకుంటే, ఈ వరసలో చేయండి:

1. ముందు ఫిల్టర్ చూడండి, మార్చండి. పని సగం అక్కడే అయిపోతుంది.
2. డబ్బా ఎక్కడి గాలి పీలుస్తోందో చూడండి. కంపెనీ ముక్కు ఊడిందా, చిరిగిందా?
3. ఏదైనా మార్చే ముందు కొలవండి, మార్చాక కొలవండి. ఒకసారికి ఒకటే మార్చండి. రెండూ ఒకేసారి మార్చితే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.
4. అయినా పైపు పెట్టాలనిపిస్తే, మూతి కంపెనీ పెట్టిన ఎత్తు కంటే కిందికి దించకండి. పైపులో అన్నిటికంటే కింద ఉన్న చోట నీళ్ళు కారిపోవడానికి 6 మి.మీ. రంధ్రం పెట్టండి. అది చినుకుల కోసమే, మునిగితే అది కాపాడదు.
5. నీళ్ళలో బండి ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. మామూలు ఇన్సూరెన్స్‌తో ఇలాంటి ఇంజిన్ నష్టానికి డబ్బు రావడం కష్టం. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే యాడ్-ఆన్ ఉంటుంది.
6. బండి మీది కాకపోతే, దాన్ని రోజూ నడిపేవాళ్ళకి ఏం మార్చారో, దానివల్ల ఏం జరగొచ్చో చెప్పండి. నేను ఆరో నంబరులో రాశా గానీ, ఇది ఒకటో నంబరు.

పొట్టేలు పైపు ఇప్పుడు నా హాస్టల్ గదిలో మూలన ఉంది, దాన్లో గొడుగు పెట్టుకుంటున్నా. మేస్త్రీ ట్యూబ్ మానోమీటర్ మాత్రం పనిలోనే ఉంది. మీ బండి ఫిల్టర్ ఎంత దొంగిలిస్తోందో చూడాలంటే తీసుకెళ్ళండి. నీళ్ళూ కుంకుమా మీవే. రీడింగులు నాకివ్వండి, వచ్చే సంచికలో అందరివీ కలిపి వేద్దాం.